చేతులు మారని ఇళ్ళు

ఆశ్వయుజ శుద్ధ దశమి. పోటు మామూలు.

టగ్గు నడిపే ప్రతి సరంగూ ఇకమీదట రోజువారీ పుస్తకంలో ఇంకో గడి నింపాలని ఊరిసభ ఉత్తర్వు. ఏ ఇంటిని ఎక్కణ్ణుంచి ఎక్కడికి లాగామన్నది ఎప్పటినుంచో రాస్తున్నదే. ఇప్పుడు ఎందుకు లాగామో కూడా రాయాలట. ఆ ఎందుకన్నది తేలూరులో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. ఉత్తర్వు రాసినవాళ్ళకే తెలియదు. తెలియనట్టు కూర్చోవడానికే జీతం తీసుకుంటున్నారు కాబట్టి వాళ్ళని అనుకుని లాభం లేదు. గడి చాలా చిన్నది. నాకు చెప్పవలసింది చాలా ఉంది. అందుకని వెనకవైపు ఖాళీ కాగితాలు వాడుకుంటున్నాను.

నా పేరు సూరాడ మణెమ్మ. టగ్గు నాది. ఇంజను పని మా మరిది అంజిబాబుది. ఒడ్డుని సముద్రం తినేశాక నీళ్ళమీద కట్టుకున్న ఊరు మాది. ఇల్లంటే బోలు సిమెంటు తెప్ప మీద లేపిన గదులు. నాలుగు మూలలా ఇనప కొక్కేలు, కొక్కేలకి మోకులు, మోకులకి లంగర్లు. కెరటాలని ఆపే అలలగోడకి లోపల ఉన్నది లోరేవు, బయట ఉన్నది బైటరేవు. బడి, ఆసుపత్రి, మంచినీళ్ళ మర లోపల. గాలిమరలు, చేపల పంజరాలు బయట.

ఈవేళ ఒక ఇంటిని బయటికి లాగాం, ఇంటాయనకి గాలిమరల దగ్గర ఉద్యోగం వచ్చిందని. ఇంకోదాన్ని లోపలికి లాగాం, కూతుర్ని బడిలో వేశారని. ఆ ఇద్దరూ ఒకరి ఇల్లు ఒకరు కొనుక్కుంటే మంచాలూ గిన్నెలూ మార్చుకుంటే సరిపోయేది. కొనుక్కోరు. ఇల్లు చేతులు మారితే విలువలో పదింట నాలుగు వంతులు సభకి కట్టాలి. దీన్నే చేతిపన్ను అంటారు. అయిదు గదుల ఇల్లు అమ్మినవాడికి పన్ను పోగా మిగిలిన డబ్బుతో మూడు గదులొస్తాయి. అందుకని తేలూరులో ఎవరూ ఇల్లు అమ్మరు. ఇంటినే మోకు కట్టి లాగించుకుంటారు.

నాకు దీనివల్ల నష్టమేమీ లేదు. పని లేక తుప్పు పడుతున్న టగ్గులన్నీ ఈ పన్ను పుణ్యాన బతికాయి. అయినా వెధవ పనిని వెధవ పని అనకుండా ఉండలేను.

ఆశ్వయుజ శుద్ధ త్రయోదశి. గాలి లేదు.

పొద్దున్నే ఇద్దరు కలిసి వచ్చారు. ఒకరు చింతా లోవకుమారి. మంచినీళ్ళ మరలో పనిచేస్తుంది. ఇల్లు మాత్రం బైటరేవులో, ఒకటే గది. అందులో తను, మొగుడు, అత్తగారు, ఇద్దరు పిల్లలు. సముద్రం బాగోని రోజు పడవ నడవదు. పడవ నడవని రోజుకి జీతం లేదు.

రెండో మనిషి వర్మగారు, చేపల డాక్టరు. పంజరాల్లో చేపలకి జబ్బు చేస్తే ఈయనే చూడాలి. ఆయన ఇల్లేమో లోరేవులో, నాలుగు గదులు. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. మూడు గదులకి తాళాలు వేసి నాలుగోదాంట్లో పడుకుంటాడట.

“మణెమ్మగారూ, మాది ఒకటే మాటండి,” అన్నాడు వర్మగారు. “ఆవిడ ఇల్లు నాకు సరిపోద్ది. నా ఇల్లు ఆవిడకి సరిపోద్ది. తేడా సొమ్ము నిదానంగా ఇస్తానన్నారు. నేను సరేనన్నాను.”

“మరింకేంటండి. అమ్మకం కాదు కదా, మార్చేసుకోండి.”

లోవకుమారి నవ్వింది, కానీ అందులో సంతోషం లేదు. “నమోదు ఆఫీసుకి ఎల్లొచ్చేమక్కా. రెండిళ్ళు సేతులు మారతన్నాయి కాబట్టి రెండు పన్నులంట. నా వంతు కట్టాలంటే నా ఇల్లు అమ్ముకోవాలి. అమ్మితే దానికి మల్లీ పన్ను.”

“అయితే అద్దెకుండండి, ఒకళ్ళింట్లో ఒకళ్ళు.”

“నెల దాటితే అదీ చేతిమార్పే అంటన్నారండి,” అన్నాడు వర్మగారు. “మా వెనక వీధిలో అలా ఉన్నవాళ్ళని పట్టుకున్నారు.”

కాబట్టి వాళ్ళు ఆలోచించిన ఉపాయం, రెండిళ్ళనీ లాగించుకోవడం. ఆవిడ ఒంటిగది లోపలికి, ఆయన నాలుగు గదులు బయటికి. అలా చేస్తే చోటు మారుతుంది కానీ ఇరుకు తగ్గదు కదా అన్నాను. చోటు మారితే చాలంది లోవకుమారి. రెండు కష్టాల్లో ఒకటి తీరినా పండగేనట.

నాకు భయమేసింది వేరే సంగతికి. వర్మగారి తెప్ప రెండు ముక్కలుగా పోసి నడుమ అతుకు వేసినది. లోపల నీళ్ళు కదలవు కాబట్టి ఇన్నాళ్ళూ ఆగింది. బయటి కెరటాలు దాన్ని ఊరుకోనివ్వవు. ఆ మాటే చెప్పాను.

“నేను వెళ్ళేసరికి సగం పంజరాలు చచ్చిన చేపలతో తేలుతున్నాయండి,” అన్నాడాయన. “మీకు చేతులెత్తి మొక్కుతాను.”

అంత పెద్ద ఇల్లు గోడ దాటాలంటే సభ అనుమతి కావాలి. సభ ఎటూ వద్దంటుందన్న ధైర్యంతో, కనుక్కొస్తానన్నాను.

ఆశ్వయుజ బహుళ పంచమి. నీళ్ళు తీసే పాటు సమయం. టగ్గు ఖాళీ.

ఊరిసభకి వెళ్ళాను. ఇళ్ళ కొరత మీద చర్చ జరుగుతోంది. ఆర్థిక సభ్యుడు పద్మరాజుగారు పెద్ద కుర్చీలో ఉన్నారు. తెల్లటి చొక్కా, మెత్తటి గొంతు. తెప్పలు పోసే యార్డు యజమాని భీమేశ్వరరావుగారు నిలబడి మాట్లాడుతున్నారు.

“నేను తెప్ప పోయించి మేస్త్రీకి అమ్మితే ఓ పన్నండి. ఆయన గదులు లేపి కొనేవాడికి అమ్మితే ఇంకో పన్ను. ఆ కొన్నవాడికి ఊరు పడక అమ్మితే మూడోది. ఇల్లు పాతబడకముందే దానిమీద ఇంకో ఇంటి ఖరీదు పడిపోతంది. ఇంక ఎవడు పోయిస్తాడండి తెప్ప? నా యార్డులో అచ్చుల మీద ఇప్పుడు చేపలు ఎండబెడతన్నారు.”

పద్మరాజుగారు శ్రద్ధగా విని తల ఊపారు. తర్వాత, చేతిపన్ను వసూలు ఏటేటా పడిపోతోంది కాబట్టి రేటుని పదింట నాలుగు వంతుల నుంచి విలువలో సగానికి పెంచాలని ప్రతిపాదించారు. ఎవరూ అమ్మకపోతే వసూలు పడిపోక ఏమవుతుంది? పాలివ్వడం మానేసిన గేదెకి గడ్డి తగ్గించి, చెంబు పెద్దది తెచ్చినట్టుంది.

ఈ పన్ను ఎందుకు పెట్టారో నాకు గుర్తుంది. ఒడ్డునుంచి డబ్బున్నవాళ్ళు వచ్చి ఇళ్ళు గుంపగుత్తగా కొని తాళాలు వేసేవారు. ధర పెరిగాక అమ్ముకునేవారు. అమ్మినప్పుడల్లా పన్ను వేస్తే ఆ ఆట కట్టవుతుందన్నారు. మా మామగారు కూడా చప్పట్లు కొట్టారు. ఆట కట్టు కాలేదు. వాళ్ళు ఇళ్ళు అమ్మడం మానేసి, ఇళ్ళని పట్టుకున్న కంపెనీలని అమ్ముకోవడం నేర్చారు. ఇల్లు కదలదు, దానిమీద పేరు మారదు. కంపెనీ చేతులు మారినా పన్నే అని సభ తర్వాత రూలు రాసింది. అయితే ఎవరూ చెప్పరు, సభా అడగదు. లోరేవు కుళాయివీధిలో పెద్ద ఇళ్ళన్నీ అలా తాళాలతోనే తేలుతున్నాయి. పన్ను కట్టేది మాత్రం లోవకుమారి లాంటివాళ్ళు. కాదు, వాళ్ళూ కట్టడం లేదు. కట్టలేక ఉన్నచోటే ఇరుక్కుని ఉన్నారు.

నా వంతు వచ్చింది. వర్మగారి తెప్ప సంగతి, అతుకు సంగతి అంతా చెప్పాను.

“ఇల్లు చేతులు మారడం లేదు కదమ్మా?” అన్నారు పద్మరాజుగారు.

“లేదండి. కానీ అతుకు విడిపోద్దండి.”

“అది యజమాని చూసుకోవాలి. చేతిమార్పు లేనప్పుడు సభకి అభ్యంతరం ఏముంటుంది?”

ముద్ర వేసి ఇచ్చేశారు. మునిగిపోతుందని చెబితే, మునిగేటప్పుడు ఎవరి పేరు మీద ఉంటుందని అడిగే మనిషి.

కార్తీక శుద్ధ విదియ. పోటు పెద్దది.

వర్మగారి ఇంటిని మేం మా టగ్గుకి కట్టుకున్నాం. లోవకుమారి ఇంటిని ఇంకో టగ్గు లాక్కొచ్చింది. పోటు నిండుగా ఉన్నప్పుడు తప్ప పెద్ద తెప్ప గోడ దాటదు. అందుకని రెండిళ్ళూ గోడ సందులో ఎదురుపడ్డాయి.

ఎంత ఇరుకంటే, అటువాళ్ళు చెయ్యి చాపితే ఇటు కిటికీ తగులుతుంది. ఇంజను తగ్గించమన్నాను. లోవకుమారి గుమ్మంలో చంటివాణ్ణి ఎత్తుకుని నిలబడి ఉంది. వర్మగారు ఇంటిముందు అరుగు మీద ఉన్నారు. ఒకరినొకరు చూసుకుని, పెళ్ళిలో ఎదురైన చుట్టాల్లా తలలూపుకున్నారు. లోవకుమారి అత్తగారు తలుపు సందులోంచి తొంగిచూసింది.

“ఇదేనా మనం అడిగిన ఇల్లు?” అంది.

“ఇదేనత్తా.”

“ఎటు పోతంది?”

“బయటికి.”

“మరి మనం?”

“లోపలికి.”

ముసలావిడ నాలుగు గదులూ చివరిదాకా దాటిపోయే వరకు చూసింది. “మనం అందులోకి దిగిపోయి, ఆయన ఇందులోకి ఎక్కేత్తే అయిపోయేది కదే,” అంది.

అంజిబాబు ఇంజను గదిలోంచి తల బయటికి పెట్టి, “వదినా, ఆవిణ్ణి సభకి పంపాల,” అన్నాడు.

గోడ దాటగానే తెప్ప నడుము కిర్రుమంది. వర్మగారికి వినిపించిందో లేదో తెలియదు. నాకు మాత్రం చేతిలో మోకు మీద తెలిసింది.

కార్తీక శుద్ధ అష్టమి. నైరుతి గాలి.

వర్మగారు కబురు పెడితే వెళ్ళాను. పంజరాల్లో చేపలు కోలుకున్నాయని సంతోషంగా చెప్పి, వంటగదిలోకి తీసుకెళ్ళి నేల చూపించారు. అతుకు మీద పగులు. నా బొటనవేలు దూరింది. లోపల తడి.

అటునుంచి అటే పద్మరాజుగారి ఇంటికి వెళ్ళి, ఇల్లు వెనక్కి తేవాలి, లోపల చోటు చూపించమన్నాను.

“ఆయన చోటు ఇప్పుడు లోవకుమారి అనే ఆవిడకి రాసేశాం. లోరేవు నిండిపోయింది.”

“కుళాయివీధిలో తాళాలేసిన ఇళ్ళు ఇంకాస్త దగ్గరికి జరిపితే సందు దొరుకుద్దండి. ఒక్క పూట పని.”

“ప్రైవేటు ఆస్తి మణెమ్మా. ముట్టుకోకూడదు.” అంటూనే నాకు కాఫీ ఇప్పించారు. కాఫీ బాగుంది. అది తాగినందుకు ఇంటికొచ్చాక కూడా సిగ్గుగానే ఉంది.

కార్తీక శుద్ధ త్రయోదశి. వాయుగుండం.

ఈ పేజీ ఆసుపత్రి వసారాలో కూర్చుని రాస్తున్నాను.

తెల్లారేసరికి గోడ మీద ఎర్రజెండా కట్టారు. సభ భవనం తలుపులు బిగించుకుని లోపల కూర్చుంది. టగ్గులేవీ బయటికి వెళ్ళకూడదన్నారు. అంజిబాబు నా మొహంకేసి చూశాడు. నేను అతని మొహంకేసి చూశాను. “డాక్టరుగారు ఈత కూడా రానోడు వదినా,” అన్నాడు. అంతే, బయల్దేరాం.

మేం వెళ్ళేసరికి తెప్ప నడుము దగ్గర విరిగి, రెండు సగాలూ తలుపు రెక్కల్లా కొట్టుకుంటున్నాయి. ఇనపచువ్వలు మాత్రం పట్టుకుని ఉన్నాయి. వర్మగారు తాళాలేసిన గదుల వైపున ఉన్నారు. ఒక్కొక్క తాళమే తీస్తున్నారు.

“ఇటు దూకండి,” అని అరిచాను.

“మా ఆవిడ చీరలండి,” అన్నారు. “కొన్నయినా.”

అంజిబాబు మోకు నడుముకి చుట్టుకుని అటు దూకాడు. ఆయన్ని ఎలా పట్టుకున్నాడో, వంటగది వైపు ఎలా విసిరాడో నేను సరిగ్గా చూడలేదు. చక్రం వదిలితే మేం కూడా పోతాం. అంజిబాబు వెనక్కి దూకుతుండగా చువ్వలు తెగాయి. ఇంటికి వేసిన మోకు ఒక్క ఊపున బిగిసింది. అతని కుడిచెయ్యి మోకుకీ, టగ్గు మీద దాన్ని చుట్టిన గూటానికీ మధ్య పడింది. “వదినా, చెయ్యి,” అన్నాడు, ఎవరిదో చెయ్యి గురించి చెబుతున్నట్టు.

మూడు గదులూ ఒకపక్కకి ఒరిగి, నింపాదిగా మునిగాయి. కిటికీలోంచి రంగుబట్టలేవో నీళ్ళమీదకి వచ్చి కాసేపు ఆడి పోయాయి.

మిగిలిన ఒక్క గది, వంటిల్లు ఉన్న సగం తెప్ప మీద బెండు ముక్కలా తేలింది. అది నేను అనుకోలేదు. చిన్నది కావడంతో కెరటం మీదకి ఎక్కుతోంది, దిగుతోంది. దాన్నే లాక్కుని లోపలికి వచ్చాం.

లోపల ఇంకో సంగతి. లోవకుమారి ఒంటిగది ఇంటికి ఇచ్చిన చోటు నాలుగు గదుల తెప్పకి కొలిచినది. లంగర్లు దూరం, మోకులు పొడుగు. ఇల్లు ఊగి ఊగి అలలగోడకి కొట్టుకుంటోంది. లోపల పిల్లల ఏడుపు. దాన్నీ పక్కన కట్టుకుని, గాలి తగలని చోటు ఎక్కడుందని చూస్తే, కుళాయివీధి ఒక్కటే. పెద్ద ఇళ్ళు వరసగా గోడ కట్టినట్టున్నాయి కదా, వాటి చాటున నీళ్ళు చెరువులా ఉన్నాయి.

వరసలో మొదటి ఇంటికి రెండిళ్ళనీ కట్టేశాను. టగ్గులో సమ్మెట ఉంది. నాలుగు దెబ్బలకి తాళం ఊడింది. అందర్నీ లోపలికి తోశాను. అయిదు గదులు. పరుపుల మీద కవర్లు కూడా విప్పలేదు. లోవకుమారి అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయి, “కాళ్ళు తడిగా ఉన్నాయే,” అంది.

ఆసుపత్రిలో అంజిబాబుకి రెండు వేళ్ళు తీసేశారు. బొటనవేలు ఉంది కాబట్టి రెంచి పట్టుకోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. మత్తు వదిలాక అతను అడిగిన మొదటి మాట, ఇంజనులో నీళ్ళు దిగాయా అని. నేను బయటికొచ్చి ఏడ్చాను. తర్వాత ఎవరి మీద కోపగించుకోవాలో ఒక్కొక్కరినే తలుచుకున్నాను. చాలామంది ఉన్నారు.

కార్తీక పౌర్ణమి. సముద్రం సర్దుకుంది.

పద్మరాజుగారు స్వయంగా పడవలో వచ్చారు. వెంట ఇద్దరు జవాన్లు. నేను అదే ఇంటి అరుగు మీద మోకు అతుకుతూ కూర్చున్నాను. లోవకుమారి పిల్లలకి అన్నం పెడుతోంది. లేచి లోపలికి వెళ్ళబోతే, కూర్చోమన్నాను.

“ఈ తాళం ఎవరు పగలగొట్టారు?”

“నేనండి.”

“ఎవరి ఇల్లనుకున్నావు?”

“తెలీదండి. సభ పుస్తకంలో ఏదో కంపెనీ పేరుంది. దాని యజమాని పేరు అడిగేను. ఆయన నా పెళ్ళికి ముందే పోయేడంట. తర్వాత ఎవరూ కొన్నట్టు, పన్ను కట్టినట్టు లేదండి.”

ఆయన మొహం ఏమీ మారలేదు. మెడ దగ్గర చొక్కా సర్దుకున్నారు.

“యజమాని ఉన్నాడు,” అన్నారు.

“ఎవరండి? చెప్పండి. ఆయన కాళ్ళమీద పడి, కొన్నప్పుడు పన్ను కట్టిన రసీదు చూసి, ఇప్పుడే ఖాళీ చేయిత్తాను.”

జవాన్లలో ఒకడు నీళ్ళకేసి చూస్తున్నాడు. రెండోవాడు నా మొహం, ఆయన మొహం మార్చి మార్చి చూస్తున్నాడు. వాడికీ ఒంటిగది ఇల్లేనని నాకు తెలుసు. పద్మరాజుగారు గుమ్మంలోంచి లోపలికి చూశారు. ఆ ఇల్లు ఆయనదేనని ఊళ్ళో అందరం చెప్పుకునేదాన్ని ఆ చూపు రుజువు చేసింది. పరాయివాళ్ళ ఇంటిని మనిషి అలా చూడడు. అంతకన్నా సాక్ష్యం నాకు అక్కర్లేదు.

“నెల దాటితే చేతిమార్పు కింద కడతారు,” అన్నారు చివరికి.

“కడతారండి. అమ్మినవాడి పేరు కూడా రాయాలి కదండీ, ఆ కాయితంలో. ఆయన్ని తీసుకురండి.”

ఆయన పడవ ఎక్కాడు. పైన “పద్మరాజుగారు” అని రాశాను కానీ ఇకమీదట “గారు” రాయను. అంజిబాబు వేళ్ళకి ఆ మాత్రం లెక్క ఉండాలి.

మార్గశిర శుద్ధ పంచమి. పోటు మామూలు.

చేతిపన్ను విలువలో సగానికి పెంచారు. పద్మరాజే ప్రతిపాదించాడు, అందరూ చేతులెత్తారు.

వర్మగారి సగం ఇంటిని మొన్న మళ్ళీ బైటరేవుకి లాగాం. విరిగిన వైపు భీమేశ్వరరావుగారు సిమెంటు గోడ పోయించి మూశారు. చాలా ఏళ్ళ తర్వాత ఆయన యార్డులో తడి సిమెంటు చూశాను. ఆయన కూలీ తీసుకోలేదు. ఆ ఒక్క గది పంజరాల పక్కన బాతుపిల్లలా కూర్చుంది. మొదట్నుంచీ వర్మగారు అడిగింది ఒంటిగది ఇల్లే. ఒక సంతకంతో దొరకవలసిన దానికోసం మూడు గదులు సముద్రంలో కలిపి, ఒక మనిషి చెయ్యి పాడుచేయవలసి వచ్చింది.

లోవకుమారి వాళ్ళు కుళాయివీధిలోనే ఉన్నారు. వాళ్ళ ఒంటిగదిని ఆ ఇంటి పక్కనే కట్టి, నడుమ పలక వేశాం. అడిగితే మా ఇంట్లోనే ఉన్నామంటారు. ఎవరూ అడగలేదు. నిన్న రెండో ఇంటి తాళం ఎవరో తీశారు. ఈవేళ మూడోది. సమ్మెట కావాలని నా దగ్గరికి ఎవరూ రాలేదు. ఎవరి సమ్మెట వాళ్ళకే ఉన్నట్టుంది.

మధ్యాహ్నం నమోదు ఆఫీసు గుమస్తాని వర్మగారి దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. పుస్తకంలో నాలుగు గదులు, కళ్ళముందు ఒకటి. మిగతావి ఏమయ్యాయో తేల్చి రమ్మన్నారట. అంజిబాబు ఎడమచేత్తో మోకు వేసి, కొక్కేనికి తగిలించి, గుమస్తాకి కుడిచెయ్యి అందించాడు. గుమస్తా ఆ కట్టు చూసి, పట్టుకోవాలా వద్దా అని తడబడి, తనే ఎక్కాడు. టేపుతో గది కొలిచాడు. రాసుకున్నాడు.

“మిగతా మూడు గదులు ఇప్పుడు ఎవరి స్వాధీనంలో ఉన్నాయండి?” అని అడిగాడు.

నా నోట్లోకి మంచి బూతు ఒకటి వచ్చింది. వర్మగారు నాకన్నా ముందే జవాబు చెప్పారు.

“మా ఆవిడ స్వాధీనంలోనండి. రాసుకోండి.”

గుమస్తా పెన్ను పైకెత్తి నీళ్ళకేసి చూశాడు. తర్వాత పుస్తకం మూసేసి, తనని లోరేవులో దింపేయమని నన్ను అడిగాడు.